వేసవి చదువుకు జాబితా: 18 పుస్తకాలు, 60 రోజులు, రోజుకు 40 నిమిషాలు. కుదురుతుందా?

#1 · మళ్లీ_మొదటిపేజీ

అందరికీ నమస్కారం. ఈ వేసవిలో చదవడం మళ్లీ పట్టాలెక్కించాలని ఒక జాబితా రాసుకున్నాను. 18 పుస్తకాలు, అన్నీ కలిపి 4,900 పేజీల దాకా. నవలలు, కథలు, ఒక ఆత్మకథ, రెండు చరిత్ర పుస్తకాలు, కొన్ని వ్యాస సంపుటాలు. చేతిలో 60 రోజులున్నాయి. రోజుకు నికరంగా 40 నిమిషాలు తీయగలను. ప్రస్తుతానికి పది పేజీలు దాటితే మనసు నిలవడం లేదు.

నా ప్రశ్నలు నాలుగు. ఇన్ని పుస్తకాలు సాధ్యమేనా? ఏది ముందు పెట్టుకోవాలి? రెండు పుస్తకాలు ఒకేసారి చదవొచ్చా? నచ్చకపోతే మధ్యలో వదిలేయొచ్చా?

#2 · పుటల_లెక్క

మొదటి ప్రశ్నకు జవాబు మీ వేగం తెలిస్తే గానీ చెప్పలేం. ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి.

జాబితాలోంచి ఒక నవల తీయండి. మొదటి మూడు పేజీలు చదివేసి, నాలుగో పేజీ నుంచి గడియారం పెట్టండి. 15 నిమిషాలు మామూలుగా చదివి, ఎన్ని పేజీలయ్యాయో రాసుకోండి. మొదటి మూడు పేజీలు లెక్కలోకి ఎందుకు రావంటే, కొత్త పేర్లు, కొత్త గొంతు అలవాటయ్యేదాకా ఎవరైనా నెమ్మదిగానే నడుస్తారు. ఇదే పరీక్ష ఒక వ్యాసాల పుస్తకం మీద కూడా చేయండి. రెండు అంకెలు విడివిడిగా ఉంచండి, సగటు తీయకండి.

ఇంగ్లిష్ చదివేవాళ్ల వేగం నిమిషానికి 238 మాటలని ఒక అంకె తరచూ కనిపిస్తుంది. మనస్తత్వ పరిశోధకుడు మార్క్ బ్రిస్‌బార్ట్ 2019లో ఎన్నో పాత అధ్యయనాలను కలిపి, కథలు కాని రచనలకు తేల్చిన సగటు అది. దాన్ని తెలుగుకు వేసుకోకండి. వాళ్లకు నాలుగు మాటలయ్యేది మనకు ఒక్క మాటలో ఇమిడిపోతుంది. ‘చదవలేకపోతున్నవాళ్లకు’ అన్నది ఒక్క మాటే కదా. అందుకే మాటలు వదిలేసి పేజీలు లెక్కపెట్టడం మేలు.

రెండో అంకె రోజులు. 60 రోజులకు 60 అని వేసుకుంటే రెండో వారానికే జాబితా తప్పుతుంది. ప్రయాణాలు, చుట్టాలు, ఒంట్లో నలత, ఏమీ తోచని రోజులు అన్నీ ఉంటాయి. నాలుగింట మూడు వంతులు, అంటే 45 రోజులే లెక్కలోకి తీసుకోండి. 45ను 40తో గుణిస్తే 1,800 నిమిషాలు. సరిగ్గా 30 గంటలు. మీ దగ్గరున్న పెట్టుబడి అంతే. వేగం తెలిశాక మిగతాది చూద్దాం.

#3 · నిదానం_ప్రధానం

లెక్క మంచిదే కానీ ఒక జాగ్రత్త. గడియారం ఎదురుగా ఉంటే మనిషి తెలియకుండానే తొందరపడతాడు. ఆ పరీక్ష రెండు వేర్వేరు రోజుల్లో చేసి, తక్కువ వచ్చిన అంకెనే తీసుకోండి.

జాబితా గురించి ఇంకో మాట. 18 పుస్తకాలు రాసుకునేటప్పుడు చాలామంది చేసే పని, ‘ఇది చదివి ఉండాల్సింది’ అన్నవన్నీ ఎక్కించడం. అవి బాకీల చిట్టాలా తయారవుతాయి. ఒక్కో పేరు పక్కన ‘ఇది ఇప్పుడు ఎందుకు?’ అని ఆరేడు మాటలు రాయండి. ‘అందరూ మెచ్చుకుంటున్నారు’ అని తప్ప ఇంకేమీ తోచకపోతే ఆ పుస్తకాన్ని ఈ వేసవికి తీసేయండి. ఫలానా కాలం గురించి తెలుసుకోవాలనో, ఆ రచయిత వాక్యం నచ్చుతుందనో, ఒకప్పుడు సగంలో ఆగిపోయిందనో రాయగలిగినవి నిలుస్తాయి.

#4 · మళ్లీ_మొదటిపేజీ

పరీక్ష చేశాను, రెండు రోజులు. నవల 15 నిమిషాలకు ఒకసారి 10 పేజీలు, ఒకసారి 9. చరిత్ర పుస్తకం రెండుసార్లూ 5 పేజీలే. అంటే తక్కువది తీసుకుంటే నవల గంటకు 36, చరిత్ర గంటకు 20.

#5 · పుటల_లెక్క

ఇప్పుడు చూడండి. 4,900 పేజీలనూ నవల వేగంతోనే చదివారనుకున్నా 136 గంటలు కావాలి. రోజుకు 40 నిమిషాల చొప్పున, ఒక్క రోజూ తప్పకుండా కూర్చుంటే 204 రోజులు. మీకున్నవి 30 గంటలు. మొత్తం నవలలకే పెడితే 1,080 పేజీలు. చరిత్రకే పెడితే 600. కలిపి వేసుకుంటే ఎనిమిది, తొమ్మిది వందల మధ్య నిలుస్తుంది. అంటే అయిదు పుస్తకాలు. ఆరో దానికి ఆశ పెట్టుకోకండి.

అయిదుకు కోసేయడం కష్టంగానే ఉంటుంది. కానీ చదవడం మానుకున్నవాళ్లు మళ్లీ మొదలుపెట్టి ఆపేయడానికి ఎక్కువసార్లు కారణం పుస్తకం కాదు, వెనకబడిపోయామన్న బెంగ. 18లో రెండు పూర్తయిన మనిషి ఓడిపోయాననుకుంటాడు. అయిదులో నాలుగు పూర్తయిన మనిషి అయిదోది తెరుస్తాడు.

ఆ అయిదింటి కూర్పు ఇలా ఉంటే బాగుంటుంది. మొదటిది 130 పేజీలు మించకూడదు, వీలైతే కథలు. రెండోది ఇదివరకు చదివి ఇష్టపడిన నవల. మళ్లీ చదవడం తక్కువేమీ కాదు, కథ తెలుసు కాబట్టి దృష్టి వాక్యం మీద నిలుస్తుంది, పేజీ చకచకా తిరుగుతుంది, పాత వేగం తిరిగి వస్తుంది. మూడోది ఆత్మకథలాంటిది. నాలుగోది, అంటే నెల దాటాక, 250–300 పేజీల కొత్త నవల. బరువైన చరిత్ర పుస్తకాన్ని వరసలో పెట్టకండి, పక్కన పెట్టుకోండి. రెండో వారం నుంచి వారానికి రెండు పూటలు దానికి కేటాయించండి. మొత్తం చదవాలన్న నియమం లేదు. మూడు అధ్యాయాలు ఎంచుకుని, జాబితాలో కూడా ‘మూడు అధ్యాయాలు’ అని మాత్రమే రాయండి.

రెండు ఒకేసారి చదవొచ్చా అన్నారు. చదవొచ్చు, కానీ రెండూ నవలలు కాకూడదు. రెండు నవలల మనుషులు బుర్రలో కలిసిపోతారు. ఒకటి కథనం, ఒకటి విషయం అయితే కలవవు. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి అని పూట కూడా వేరుచేస్తే ఇంకా సులువు. మూడోది మాత్రం తెరవకండి.

#6 · అరల_మధ్య

గ్రంథాలయం వైపు నుంచి కొన్ని మాటలు.

అయిదు పుస్తకాలూ ఒకేసారి తెచ్చుకోకండి. గడువు అన్నిటికీ ఒకే రోజు వస్తుంది, మూడు తెరవకుండానే తిరిగి ఇచ్చేస్తారు. ఒకటి చదువుతుండగా ఒకటి ఇంట్లో సిద్ధంగా ఉంటే చాలు. బయట వేరేవాళ్ల దగ్గరున్న పుస్తకానికి మాత్రం ముందే పేరు నమోదు చేయించుకోండి, లేకపోతే ఒకటి ముగిసి ఇంకోటి అందేలోపు నాలుగైదు రోజులు ఖాళీ పడుతుంది. అలవాటు తెగేది ఎక్కువగా అక్కడే, రెండు పుస్తకాల సందులో. పూర్తయిన పుస్తకం మూసిన పూటే తర్వాతదాని మొదటి రెండు పేజీలు చదివి గుర్తు పెట్టేయండి.

ఎంచుకునేటప్పుడు అట్ట వెనకున్న మెప్పు మాటలు చూసి తీసుకోవద్దు. మధ్యలో ఎక్కడో, 60వ పేజీయో 90వ పేజీయో తెరిచి ఒక్క పేజీ పూర్తిగా చదవండి. మొదటి పేజీని రచయిత పదిసార్లు చెక్కి ఉంటాడు. 90వ పేజీలో అసలు నడక తెలుస్తుంది. అక్షరం సైజు, వరసల మధ్య ఖాళీ, అచ్చు ఎంత స్పష్టంగా ఉందో కూడా అప్పుడే చూడండి. సన్నటి అచ్చున్న 200 పేజీల పుస్తకం, ఎడంగా వేసిన 300 పేజీల దానికంటే పెద్దదవుతుంది. పేజీల లెక్క తప్పేది ఇక్కడే.

ముందుమాటలు వదిలేయండి. మన పుస్తకాల్లో రెండు మూడు ముందుమాటలు, వాటి మీద రచయిత మాట, ఒక్కోసారి ప్రచురణకర్త మాట కూడా ఉంటాయి. కథలేమిటో, వాటిలో గొప్ప ఏమిటో అక్కడే చెప్పేస్తారు. కథ మనసుకు తగలకముందే తీర్పు చెవిన పడుతుంది. అసలు పుస్తకం అయ్యాక చదివితే ఆ ముందుమాటలే మంచి చర్చలా ఉంటాయి.

ఇక వదిలేయడం గురించి. అమెరికా గ్రంథపాలకురాలు నాన్సీ పెర్ల్ చెప్పిన 50 పేజీల నియమం చాలామంది పాటిస్తారు. 50 పేజీలు చదివాక కూడా పట్టకపోతే వదిలేయొచ్చు. వయసు 50 దాటినవాళ్లు 100లోంచి తమ వయసు తీసేసి మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. 64 ఏళ్లవాళ్లకు 36 పేజీలన్నమాట. మీ జాబితాలో చిన్న పుస్తకాలున్నాయి కాబట్టి కొద్దిగా మార్చుకోండి: 130 పేజీల పుస్తకానికి 50 అంటే మూడో వంతు దాటిపోతుంది, దానికి 25 చాలు. కథల సంపుటమైతే పేజీలు కాదు, మూడు కథలు చూడండి. మొదటిది, మధ్యలోంచి ఒకటి, పుస్తకానికి పేరిచ్చిన కథ.

వదిలేసిన దాని స్థానంలో ఏది వస్తుందో ముందే రాసి ఉంచండి. అయిదు కాక రెండు ‘బదులు’ పుస్తకాలు. ‘ఇప్పుడేం చదవాలి’ అని వెతకడం మొదలైతే ఆ పూట వెతకడంతోనే అయిపోతుంది.

#7 · తెరమీద_తెలుగు

వీటిలో కొన్ని ఈ-రీడర్‌లో చదివేట్టయితే ముందు ఫైలు చూసుకోండి. యూనికోడ్ అక్షరాలతో ఉన్న ఈపబ్ అయితే అక్షరం పెంచుకోవచ్చు, ఏ ఇబ్బందీ లేదు. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే ప్రతి పేజీ ఒక ఫొటో. అక్షరం పెంచితే వాక్యం తెర దాటిపోతుంది.

లెక్క చూడండి. మామూలు డెమీ సైజు పుస్తకం పేజీ 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు. 6 అంగుళాల ఈ-రీడర్ తెర వెడల్పు 3.6, ఎత్తు 4.8. పేజీ మొత్తం ఇమిడిస్తే అచ్చు సగానికి కాస్త పైన నిలుస్తుంది. ఇంగ్లిష్ అయితే కళ్లు చికిలించి ఎలాగో లాగొచ్చు. తెలుగులో ముందు పోయేది కింది ఒత్తులు. త వత్తూ న వత్తూ ఒకలాగే కనిపిస్తాయి, ధకూ థకూ మధ్య తేడా పొట్టలో చుక్క ఒక్కటే కాబట్టి అదీ కలిసిపోతుంది. ప్రతి వరసలో రెండుసార్లు ఆగి సరిచూసుకోవాల్సి వస్తుంది. పది నిమిషాలకే విసుగొస్తుంది, దాన్ని పుస్తకం మీద విసుగనుకుంటాం.

దీనికి మందు రెండు పనులు. ముందు అంచుల ఖాళీ కత్తిరించండి, చాలా పరికరాల్లో క్రాప్ ఉంటుంది. అచ్చు భాగం వెడల్పు 4.2 అంగుళాల దాకా ఉంటుంది. తర్వాత తెరను అడ్డంగా తిప్పండి. అప్పుడు వెడల్పు 4.8 అవుతుంది, అచ్చు పుస్తకంలో ఉన్నంత పెద్దగానో ఇంకొంచెం పెద్దగానో వస్తుంది. ఒక పేజీ రెండు మూడు తెరలుగా చదువుతారు, అంతే తేడా. ‘రీఫ్లో’ మాత్రం నొక్కకండి. స్కాన్ పేజీలో మాటలను ముక్కలు చేసి మళ్లీ పేర్చేటప్పుడు ఒత్తులు కింది వరసకు వెళ్లిపోవచ్చు.

జాబితాలో ప్రతి పుస్తకం పక్కన ‘అచ్చు’, ‘ఈపబ్’, ‘స్కాన్’ అని రాసుకోండి. మొదటి పుస్తకం స్కాన్ కాకుండా చూసుకోండి.

#8 · చెవి_ఒగ్గి

ఆడియో పుస్తకాలను కూడా కలుపుకుంటే నడకలో, పనుల్లో గంటలు కలిసొస్తాయి కదా? 18లో ఇంకో మూడు అలా లాగేయొచ్చు.

#9 · నిదానం_ప్రధానం

వినడం మంచిదే, కానీ ఈ 40 నిమిషాల్లోంచి తీయకండి, దానికి వేరే వరస పెట్టుకోవాలి. ఇక్కడ అడిగినవారి ఇబ్బంది పది పేజీలు దాటి నిలవలేకపోవడం. వింటున్నప్పుడు మనసు పక్కకు పోయినా గొంతు ఆగదు, కథ ముందుకెళ్లిపోతుంది. కాగితం మీద మనసు పోతే కన్ను ఆగుతుంది, వెనక్కి రావాలి. ఆ వెనక్కి రావడమే ఇప్పుడు సాధన చేయాల్సింది.

వినాలంటే ఇదివరకు చదివిన నవల వినండి. కొత్త చరిత్ర పుస్తకం వింటే పేర్లు, ఏళ్లు నిలవవు.

#10 · చెవి_ఒగ్గి

అది ఒప్పుకుంటాను. పేర్లు ఎక్కువున్నవి వినడానికి కుదరవు, నిజమే.

#11 · పొద్దుటి_కుర్చీ

జాబితా సగం పని, కూర్చోవడం సగం పని. దాని గురించి రాస్తాను.

40 నిమిషాలను మొదటి రోజే ఒక్క ఊపులో చదవాలనుకోవద్దు. మొదటి వారం 10 నిమిషాల చొప్పున రెండు పూటలు. అంటే రోజుకు 20. రెండో వారం నుంచి 20, 20. పుటల_లెక్క గారి 30 గంటల్లోంచి దీనికి 2 గంటల 20 నిమిషాలు తగ్గించుకోవాలి.

టైం కంటే పని గుర్తుగా పెట్టుకుంటే నిలుస్తుంది. ‘ఏడింటికి చదువుతాను’ అంటే ఏడు దాటాక ఆ రోజు పోయినట్టే. ‘పొద్దున గ్లాసు కడిగి పెట్టగానే ఈ కుర్చీలో కూర్చుంటాను’ అంటే ఆ పని ఎప్పుడైతే అప్పుడే చదువు. పుస్తకం ముందు రాత్రే ఆ కుర్చీలో, చదవాల్సిన పేజీ దగ్గర గుర్తుతో ఉండాలి. ఫోన్ పక్క గదిలో ఉండాలి. బోర్లా పెట్టడం చాలదు, అర్థం తెలియని మాట వచ్చినప్పుడు చెయ్యి దానికోసమే వెళ్తుంది. నిఘంటువు చూశాక ఇంకేదో చూస్తాం. ఆ మాట కింద పెన్సిల్ గీత పెట్టండి, గ్రంథాలయం పుస్తకమైతే కాగితం మీద పేజీ నంబరు రాయండి. చదవడం అయ్యాక ఒకేసారి అన్నీ చూసుకోవచ్చు.

ఎక్కడ ఆపాలన్నది ఎవరూ చెప్పరు. అధ్యాయం చివర ఆపకండి. తర్వాతి అధ్యాయంలో ఒక పేజీ వెళ్లి, ఎవరో తలుపు తట్టిన చోటో, ఉత్తరం విప్పిన చోటో ఆపండి. రేపు తెరవడానికి అదే లాగుతుంది. అధ్యాయం చివర అన్నీ సర్దుకుని ఉంటాయి, అక్కడి నుంచి లేవడం సులువు, తిరిగి రావడం కష్టం.

వెలుతురు వెనక నుంచి, భుజం మీదుగా పేజీ మీద పడాలి. ఎదురుగా దీపం ఉంటే కాగితం మెరుస్తుంది. 20 నిమిషాలకోసారి తలెత్తి దూరంగా ఒక 20 సెకన్లు చూడండి. నలభై దాటినవాళ్లు పుస్తకాన్ని చేయి చాచి దూరంగా పట్టుకోవాల్సి వస్తుంటే, ఏకాగ్రత పోయిందని అనుకునేముందు కళ్లు పరీక్ష చేయించుకోండి. చత్వారాన్ని బద్ధకమని పొరబడేవాళ్లు చాలామంది.

రాత్రి పడక మీద చదవడం ఒక్కటే పూటగా పెట్టుకోవద్దు. నాలుగు పేజీలకే నిద్ర పడుతుంది, ఆ నాలుగు పేజీలూ రేపు మళ్లీ చదవాలి. రాత్రే కుదిరితే కూర్చుని చదవండి, వెలుగు చిమ్మే ట్యాబ్లెట్ మీద కాకుండా కాగితం మీద. పడుకునే ముందు 4 గంటలు ట్యాబ్లెట్‌లో చదివినవాళ్లకు, అచ్చు పుస్తకం చదివినవాళ్ల కంటే నిద్ర ఆలస్యంగా పట్టిందని 2015లో అచ్చయిన ఒక ప్రయోగంలో తేలింది. అందులో ఉన్నది 12 మందే, ట్యాబ్లెట్ వెలుతురూ పూర్తిగా పెట్టారు. అరగంటకు అంత ప్రభావం ఉండకపోవచ్చు. అయినా కాగితం దొరుకుతుంటే కాగితమే మేలు.

#12 · మళ్లీ_మొదటిపేజీ

చాలా ఉపయోగపడే విషయాలు, ధన్యవాదాలండీ. ఇంకో సందేహం. రెండు మూడు రోజులు తప్పితే ఏం చేయాలి? 21 రోజులు వరసగా చేస్తేనే అలవాటవుతుందంటారు కదా, తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలా?

#13 · పొద్దుటి_కుర్చీ

ఆ 21 రోజుల మాట పట్టుకోకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది, 2010లో అచ్చయింది. ఒక పని ఆలోచించకుండా జరిగేంత అలవాటు కావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టీ పనిని బట్టీ 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంటుందని లెక్కగట్టారు (12 వారాలు దాటినవి అంచనాలే). మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పెద్దగా దెబ్బతినలేదు కూడా. కాబట్టి మీ 60 రోజుల చివర ‘ఇంకా అలవాటు కాలేదే’ అనిపిస్తే అది సహజమే. తప్పిన పేజీలు మర్నాడు కలిపి చదవాలనుకోవద్దు. 40 నిమిషాల బాకీ 80 అయితే ఆ రోజూ తప్పుతుంది.

మూడు రోజులు దాటి ఆగిపోతే ఆగిన చోటి నుంచి మొదలుపెట్టకండి. అయిదు పేజీలు వెనక్కి వెళ్లండి.

#14 · అరల_మధ్య

దానికి తోడు ఒక చీటీ. 250 పేజీలు దాటిన నవలలన్నిటికీ పెట్టుకోండి, బుక్‌మార్క్‌గా కూడా పనికొస్తుంది. అరచేతిలో పట్టే మందపాటి కాగితం. ఒకవైపు పైనుంచి కిందికి పేర్లు, ఒక్కో పేరు పక్కన రెండే మాటలు: ‘పెద్ద కోడలు’, ‘పొలం కొన్నవాడు’, ‘ఉత్తరం దాచింది’. చుట్టరికానికి చిన్న గీత. పేరు మొదటిసారి వచ్చిన పేజీ నంబరు. రెండోవైపు ప్రతి పూట చివర ఒక్క వాక్యం, ఏం జరిగిందో. ‘బాగుంది’ అని రాయకండి, అది రేపు దేనికీ పనికిరాదు. చాలామంది నవల మధ్యలో ఆపేసేది విసుగుతో కాదు, 140వ పేజీలో వచ్చిన మనిషి ఎవరో గుర్తురాక. వెనక్కి వెతికే ఓపిక ఉండదు. చీటీ ఉంటే పది సెకన్ల పని.

చీటీ కింది అంచు వరస కింద ఆనించి జరుపుతూ చదివితే చూపు వరస తప్పడం కూడా తగ్గుతుంది. మొదటి వారం ఇది బాగా పనిచేస్తుంది.

#15 · చెవి_ఒగ్గి

ఎన్ని పూర్తిచేశామో లెక్కపెట్టే యాప్‌లు వాడమంటారా?

#16 · పుటల_లెక్క

వద్దంటాను. పుస్తకాల సంఖ్య లెక్కపెట్టడం మొదలైతే చెయ్యి సన్నటి పుస్తకం వైపే పోతుంది, 280 పేజీల నవల అలాగే ఉండిపోతుంది. కూర్చున్న పూటలు లెక్కపెట్టండి. గోడ క్యాలెండర్‌లో చదివిన పూటకు ఒక గీత. 45 రోజులకు రోజుకు రెండు చొప్పున 90 గీతలు. వారంలో 10 దాటితే సరైన దారిలోనే ఉన్నట్టు.

#17 · మళ్లీ_మొదటిపేజీ

జాబితా తిరగరాశాను. చూసి చెప్పండి.

మొదట కథల సంపుటం, 128 పేజీలు, అచ్చు. తర్వాత ఇదివరకు చదివిన నవల 160, అచ్చు. ఆత్మకథ 210, ఈపబ్. కొత్త నవల 280, అచ్చు, చీటీతో. పక్కన చరిత్ర పుస్తకంలోంచి మూడు అధ్యాయాలు, 110 పేజీలు, రెండో వారం నుంచి వారానికి రెండు పొద్దుటి పూటలు. కథనం 778 పేజీలు గంటకు 36 చొప్పున దాదాపు 21 గంటల 40 నిమిషాలు, చరిత్ర అయిదున్నర. మొత్తం 27 గంటల పైచిలుకు. మొదటి వారం తగ్గే 2 గంటల 20 నిమిషాలు కలిపితే 30 లోపలే ఉంది. బదులు పుస్తకాలు రెండు, 110 పేజీల చిన్న నవల ఒకటి, వ్యాసాలు ఒకటి. మిగతా 11 పేర్లు వేరే కాగితం మీదికి పోయాయి, ఎందుకు చదవాలనుకుంటున్నానో ఆరు మాటలతో సహా.

#18 · పుటల_లెక్క

లెక్క సరిపోయింది. ఒక్క సవరణ. చరిత్రకు 330 నిమిషాలు కావాలి, 20 నిమిషాల పూటలైతే 17. రెండో వారం నుంచి వారానికి రెండంటే దాదాపు 15 పూటలే వస్తాయి, అదీ ఒక్కటీ తప్పకపోతే. మూడు పూటలు చేయండి, లేదా రెండు అధ్యాయాలకు తగ్గించండి.

#19 · అరల_మధ్య

రెండు అధ్యాయాలే బాగుంటుంది. ఆ పుస్తకంలో పటం ఉంటే ఆ పేజీకి కూడా ఒక గుర్తు పెట్టుకోండి, ప్రతి రెండు పేజీలకూ దానికోసం వెనక్కి తిరగాల్సి వస్తుంది.

#20 · మళ్లీ_మొదటిపేజీ

రెండు అధ్యాయాలు, 74 పేజీలు. పటం 31వ పేజీలో ఉంది, గుర్తు పెట్టాను. కథల సంపుటం కుర్చీలో ఉంది, ముందుమాటలు రెండూ దాటి మొదటి కథ దగ్గర.